బోణీ వేళకు వచ్చిన కెప్టెన్

మా బావ దేశం తరఫున రగ్బీ ఆడాడు, సైన్యంలో కెప్టెన్. అదేం ఆటో సంచౌంగ్ పేటలో మా కిరాణా వీధికి తెలియదు. ఒకసారి కొట్టు మూసి ఇంటిల్లిపాదీ బావ ఆట చూడ్డానికి వెళ్లాం. గుంపు కింద బావ పడగానే మా అమ్మ లేచి, "ఓలమ్మో, అల్లుణ్ని సంపేస్తన్నారు!" అని కేకలు పెట్టింది. అతను బురదలోంచి లేచి ఆమెకేసి చేయి ఊపాడు. ఆ తర్వాత కొట్టుకు వచ్చినవాళ్లకు బావ గొప్పలు చెప్పి, అక్కర్లేని సబ్బులు అంటగట్టేవాణ్ని.

సైన్యం అధికారం లాక్కుంది. జనం తిరగబడి వీధి చివర ఇసుక బస్తాలు పేర్చారు. సైన్యంవాళ్లు ఇంటర్నెట్ ఆపేశారు. సైనికుల ఇళ్లకు సరుకు అమ్మకూడదని దుకాణదారులందరం ఒట్టేసుకున్నాం. బావను కట్టుకున్న మా అప్ప, పసిపాప ఆ సైనిక క్వార్టర్స్‌లోనే చిక్కుకున్నారు. మొగుళ్లు సైన్యం వదిలి పారిపోకుండా ఆడవాళ్లను గేటు దాటనిచ్చేవారు కాదు.

ఒక పొద్దున షట్టరెత్తేసరికి ఎదురుగా లుంగీలో బావ. బోణీ బేరాన్ని మేం ఎప్పుడూ వెనక్కి పంపం, ఆ సంగతి మా ఇంటి అల్లుడికి తెలియదా!

"పాపకి పాలపొడి కావాల, బావమరిదీ. నాలుగు డబ్బాలు."

"మీవోళ్లు రోడ్డు మీద పిల్లల్ని కాల్చేస్తంటే నీకు పాలపొడి కావాలేటి?"

"నాను కాల్చలేదు."

"పక్కనోడు కాలిస్తే సూసేవు. అంతమందిని ఈడ్చుకుని పరిగెత్తినోడివి, పెళ్లాం బిడ్డల్తో ఒక్క గేటు దాటలేవేటి బావా?"

"ఆటలో తుపాకులుండవు."

ఒళ్లు మండిపోయింది. మండుతూనే బేరం పెట్టాను, పుట్టుబుద్ధి. "రెండు డబ్బాలిప్పుడు. మిగతా రెండూ అప్ప, పాప ఈ గుమ్మంలోకొచ్చాకే."

అతను వెంటనే తలూపాడు. అంత తొందరగా ఒప్పుకున్నవాణ్ని అనుమానించాలని కొట్లో పుట్టినవాడికి వేరే చెప్పాలా? ఆ తెలివి నాకప్పుడు లేదు.

ఆ వారంలోనే అప్ప పాపనెత్తుకుని వచ్చింది. గేటు దగ్గర బావ పూచీ పడ్డాడట. నేను గబగబా షట్టరు సగం దించి, పై గదిలో చాప పరిచాను.

"చాపెందుకురా? డబ్బాలిచ్చీ. సాయంత్రానికి నాను ఎల్లకపోతే ఆయన్ని బతకనివ్వరు."

"చావనీ!"

"నీ నోరు పడిపోను! రమ్మన్నావు, వచ్చాను. ఉండాలని నువ్వు ఆయనతో అన్నావేటి?"

అనలేదు. రావడానికే బేరమాడాను. ఉండడం గురించి ఒక్క ముక్క మాట్లాడుకోలేదు.

డబ్బాలు ఇవ్వనని గుండెకు అదుముకున్నాను. పాప గుక్కపట్టి ఏడ్చింది. అప్ప నా చేతుల్లోంచి వాటిని లాక్కుని, వీధి చివరికి పోయి, ఇసుక బస్తాల అవతలున్న ఎవరికో పాపను అందించి, చీర ఎగదోపుకుని తనూ దాటింది.

ఆ గేటునీ, ఆ యూనిఫామునీ, దాన్ని తొడుక్కున్న ఆటగాణ్నీ వీధంతా వినేలా తిట్టాను. ఈ రోజుకీ అందులో ఒక్క తిట్టు కూడా తగ్గించను.