చిన్న మోత తర్వాత

మొదటి తూటా పిడుగులా పేలింది. నది అవతలి గట్టున కొంగలు లేచాయి. రెండోది నానిన టపాకాయలా తుస్సుమంది. తిమ్మప్పన్న చేయి దించలేదు. మళ్లీ మీట నొక్కాడు. మూడోదానికి రివాల్వరే పగిలింది.

పొగ తేలేసరికి ఆయన మోకాళ్ల మీద ఉన్నాడు. కుడిచేతిని ఛాతీకి అదుముకుని, ఎడమచేత్తో బురదలో తడుముతున్నాడు. పెదాలు కదిలాయి. నా చెవుల్లో హోరు తప్ప ఏమీ లేదు. ఏమన్నాడో ఆస్పత్రిలో చెప్పాడు.

"బొటనేలు యాడ పడ్డదో జర చూడు తమ్మీ అని అన్న నేను. నువ్వేమో నా మొకం చూసుకుంట నిలబడ్డవ్."

ఇది తెల్ల నైలు గట్టున జరిగింది. శాంతి దళంలో మా కంపెనీ వానాకాలం మొదట్లో అక్కడికి చేరింది. మట్టి రన్‌వే మీద విమానం దిగింది. మెట్టు దిగగానే బూటు చీలమండదాకా కూరుకుపోయింది. ఆలంపూర్ వైపు నల్లరేగడి ఎట్లా అంటుకుంటుందో అట్లాంటి మన్ను. చెట్టు లేదు, గుట్ట లేదు. ఎటు చూసినా మనిషెత్తు గడ్డి, దాని మీద ఆకాశం. ఇనుప కంటైనర్లలో మంచాలు. చుట్టూ ఇసుక బస్తాల గోడ. ఒంటి మీద గుండు ఆపే కవచం, తలకు నీలిరంగు హెల్మెట్. పగలంతా ఉక్క. సాయంత్రం నాలుగైతే వాన.

కంపెనీలో ఎక్కువమంది రాజస్థాన్, హర్యానా వాళ్లు. మంచివాళ్లే. కానీ తెలుగు మాట్లాడేది మేమిద్దరమే. నాది వనపర్తి. తిమ్మప్పన్నది గద్వాల పక్కన మల్దకల్. ఆయన హవల్దారు, తుపాకుల మరమ్మతు చేసే ఆర్మరర్. నేను శిక్షణకు వెళ్లినప్పుడు రైఫిల్ విప్పడం, బిగించడం నేర్పింది ఆయనే. ఆయనకు వేరే డ్యూటీ పడిన రోజుల్లో నేను తెలుగు ఒక్క ముక్క మాట్లాడకుండానే పడుకునేవాణ్ణి. కొన్నాళ్లకు కలలు కూడా హిందీలో వచ్చాయి.

మా ఇద్దరికీ నీటి పోస్టు కాపలా పడింది. ఉదయం ఆరు నుంచి రెండు వరకు. నదిలోంచి నీళ్లు తోడే పంపు, దాని పక్కన చెక్కల మంచె. మొదటిరోజు తిమ్మప్పన్న నిచ్చెన దగ్గరే ఆగిపోయాడు.

"మా ఊర్ల మిద్దె మీద మిద్దె ఎయ్యరు తమ్మీ. మా దేవుడు తిమ్మప్ప గుడి కంటే ఎత్తుల ఉండొద్దని. గసొంటి ఊరోన్ని దెచ్చి గీ మంచె ఎక్కమంటుండ్రు."

"దేవుడు ఈడిదాకా జూస్తడా అన్నా?"

"జూస్తడు. మీ వనపర్తోళ్లకు భయం లేదు, రాజులున్న ఊరు గద."

పంపు నడిపేది ఒక పెద్దాయన. వేరే ఖండం మనిషి. ఆ దేశంలోనే ముసలివాడయ్యాడు. మాకు ఆయన భాష రాదు, ఆయనకు మాది రాదు. అయినా రోజూ చేప కాల్చి మాకో ముక్క పెట్టేవాడు. ఆ మూగ భోజనమే మాకు చుట్టరికం. మొసళ్లు, నీటిగుర్రాలు వచ్చే రేవు కాబట్టి నడుముకు పెద్ద మాగ్నం రివాల్వర్ కట్టుకునేవాడు. చిటికెన వేలంత లావు గుండ్లు. మామూలు రివాల్వర్ తూటా కంటే ఎక్కువ మందు, ఎక్కువ తోపు. దాన్ని మొదటిసారి చూసి తిమ్మప్పన్న నవ్వాడు.

"ఏందిది? ఫిరంగికి పుట్టిన పిల్ల లెక్కున్నది."

అంత పెద్ద తూటాలు ఆ చుట్టుపక్కల ఎక్కడా అమ్మరు. పెద్దాయన ఖాళీ ఇత్తడి తొడుగులు ఏరుకుని, బల్లకు బిగించిన చేతి మరతో తానే మందు పోసి, సీసపు గుండు బిగించుకునేవాడు. రేకు డబ్బాలో దాచేవాడు. బయట వాన. లోపల నలుగురు వచ్చిపోయే గది. మందు చెమ్మగిల్లొచ్చు, మాటల్లో పడి పోయడం మరిచిపోనూవచ్చు.

తిమ్మప్పన్నకు అది నచ్చలేదు. "చేతితోని నింపిన తూటా నమ్మొద్దు తమ్మీ. ఒకటి తప్పినా పైకి కనవడదు" అన్నాడు. ఆయన సర్వీసు ఆ ఏడాదితో అయిపోతుంది. ఇంటికి పోయి మగ్గం మీద కూర్చోవాలని ఆయన ఆశ. వాళ్లది నేత ఇల్లు. గద్వాల చీరలో నూలుకు పట్టు అంచును పోగు పోగూ కలుపుతూ నేయాలి. ఒక్కరితో కాదు, అటొకరు ఇటొకరు కూర్చోవాలి. ఆయన పటాలంలో ఉన్నన్నాళ్లూ భార్య పక్కన కూలికి వచ్చినవాళ్లు కూర్చున్నారు. "మా ఆమె పక్కన నా జాగ ఖాళీగున్నది" అనేవాడు. మంచె మీద కూర్చుని, బస్తా దారాలు లాగి రెండువేళ్లతో ముడులు వేస్తూ, వేళ్లు మరిచిపోకుండా చూసుకునేవాడు.

రివాల్వర్ పగిలిన ఆ రోజే పెద్దాయనకు అక్కడ చివరి రోజు. మర్నాడు పడవ ఎక్కి వెళ్లిపోతున్నాడు. పాడైన పంపును తిమ్మప్పన్న ఒకసారి బాగుచేసి ఇచ్చాడు. ఆ కృతజ్ఞతతో పెద్దాయన తన రివాల్వర్ నింపి రెండు చేతులతో అందించాడు. నది వైపు చూపించి కాల్చమన్నాడు. అతిథికి ఆయన చేయగలిగిన మర్యాద అదే. మన ఆయుధం కానిది ముట్టకూడదని కంపెనీ ఆజ్ఞ.

"వద్దన్నా" అన్నాను.

"వద్దంటే ముసలాయన చిన్నబుచ్చుకుంటడు. రెండు మూడు గొట్టి ఇచ్చేస్త."

మందు లేకపోయినా, పాడైపోయినా, తూటా అడుగున ఉండే నిప్పుబిళ్ల ఒక్కటే గుండును కొంచెం తోస్తుంది. గుండు బయటికి రాదు. గొట్టంలో ఇరుక్కుంటుంది. వెనక వచ్చేదానికి దారి ఉండదు. ఆ రెండో తూటాకు జరిగింది ఇదే. మోత చిన్నగా వస్తే ఆగాలి. తూటాలు తీసేసి గొట్టంలో వెలుతురు కనబడుతుందో లేదో చూడాలి. తిమ్మప్పన్నకు ఇది తెలియక కాదు. కానీ పటాలం చేతికి నేర్పేది వేరు: తుపాకి మొరాయిస్తే ఆలోచించొద్దు, వెంటనే మళ్లీ కాల్చు, ఆగినవాడు చస్తాడు. వందలమంది కుర్రాళ్లకు ఆయన నేర్పింది అదే. తల కంటే ముందు వేలు కదిలింది.

నేను రేడియో అందుకున్నాను. అవతల సిగ్నల్ విభాగం నాయక్. హిందీలో మాట్లాడుకున్నాం.

"నీటి పోస్టు. ఒకరికి దెబ్బ. ఓవర్."

"ఎవరు కాల్చారు? ఓవర్."

"ఎవరూ కాల్చలేదు. చేతిలో తుపాకి పగిలింది. ఓవర్."

"మన తుపాకా? ఓవర్."

"కాదు."

"మబ్బుంది, హెలికాప్టర్ రాదు. బండిలో తీసుకురండి. అవుట్."

బొటనవేలు దొరకలేదు. చూపుడువేలు మిగిలింది కానీ వంగదు. ఆయనను ముందే ఇంటికి పంపారు. మిగిలిన నెలలు మంచె మీద నేను ఒక్కణ్ణే తెలుగువాణ్ణి. నిచ్చెన ఎక్కినప్పుడల్లా మల్దకల్ దేవుడు గుర్తొచ్చేవాడు.

నేను తిరిగివచ్చాక వనపర్తిలో బస్సెక్కి, కృష్ణ దాటి, గద్వాలలో మారి వాళ్లింటికి వెళ్లాను. ఇప్పటికీ వెళ్తుంటాను. మొదటిసారి వెళ్లినప్పుడు మగ్గం ముందు భార్య పక్కన ఆయన జాగాలో ఆయనే కూర్చుని ఉన్నాడు. ఎడమచేత్తో పట్టుపోగు పట్టుకుని, వంగని వేలుకు ఆనించి మెలేస్తున్నాడు. ముడి జారింది. మళ్లీ వేశాడు. జారింది.

"నీ ఏలు గాదు, నీ తొందర" అంది ఆమె, తల ఎత్తకుండా. "జర నిమ్మలంగ."

జారిన పోగు కోసం ఆయన ఎడమచేయి మగ్గం గుంటలో తడిమింది. ఆ రోజు బురదలో తడిమినట్టే. ఎక్కడున్నా నా కళ్ల ముందు నిలిచేది ఆ చేయే.

నన్ను చూసి ఆయన అడిగిన మొదటి మాట, "ఆ డబ్బ దొరికిందా తమ్మీ?"

"లేదన్నా."

విచారణ అధికారులు రివాల్వర్ ముక్కలు తీసుకెళ్లారు. పెద్దాయన ఏడుస్తూ వాంగ్మూలం ఇచ్చి, మర్నాటి పడవలో వెళ్లిపోయాడు. తూటాల రేకు డబ్బా మాత్రం గదిలో లేదు. ఆయన తీసుకెళ్లాడో, పంపు మీదకు వచ్చిన కొత్తవాళ్లు తీశారో తేలలేదు. అందులో మందు లేని తూటా ఇంకొకటి ఉందో లేదో, ఉంటే అది ఇప్పుడు ఎవరి నడుముకు ఉందో ఎవరికీ తెలియదు.