తిరుమలయ్య నీళ్ళ పంతం

బద్వేలులో ఇనుప సామాన్ల అంగడి నడిపే తిరుమలయ్య, ఎదుటి మనిషి నీళ్ళు తాగందే ఏ పనీ కానివ్వడు.

"అన్నా, రెండంగుళాల మేకులుండాయా?"

"ఉండాయి. నీళ్ళు తాగినావా?"

"ఇంట్లో తాగే వచ్చినా."

"అది ఇంటి లెక్క. ఇది అంగడి లెక్క. తాగు."

చెంబు ఖాళీ అయితేనే తక్కెడ లేస్తుంది. పక్కనే పుస్తకాలంగడి నాది. ఆయన దెబ్బకు నేను టీ రుచే మరిచిపోయాను. పెళ్ళిపత్రిక ఇవ్వడానికి వచ్చినవాళ్ళు కూడా పొట్ట పట్టుకుని వెళ్ళేవాళ్ళు.

ఈ పంతం పోయిన ఎండాకాలం మొదలైంది. ఆయన కిడ్నీలో రాయి పడింది. కడపలో డాక్టరు కోత లేకుండా, పైనుంచే షాక్‌వేవ్ యంత్రంతో దాన్ని పగలగొట్టాడు.

"రాయి పగిలిందయ్యా. కానీ అది కిడ్నీ అడుగు గూట్లో ఉండాది. ముక్కలు అంత సులువుగా రావు. నీళ్ళు బాగా తాగు, నడువు, నేను చూపించినట్టు తల కిందికి వాల్చి పడుకో" అన్నాడు.

"నేను రప్పిస్తా సార్" అని తిరుమలయ్య శపథం చేసినట్టు చెప్పి వచ్చాడు.

అంగట్లోనే ఏటవాలుగా చెక్క వేయించాడు. కాళ్ళు పైకి, తల కిందికి. బేరాలు అలాగే సాగాయి. ఒక రైతు బెదిరిపోయాడు.

"ఏమప్పా, ఇట్ల తలకిందులైనావు?"

"నాకు నువ్వే అట్ల కనపడతాండావు. ఏం గావాల?"

కొన్ని నెలలకు స్కానింగ్‌లో ఒక్క ముక్క కూడా మిగల్లేదు. వీధంతా ఊపిరి పీల్చుకుంది. తిరుమలయ్య మాత్రం చెంబు దించలేదు. పైగా అంగడి పక్కన కడ్డీలు పేర్చే చోటు ఖాళీ చేయించి మరుగుదొడ్డి కట్టడం మొదలుపెట్టాడు.

భార్య కన్యకమ్మ నెత్తి కొట్టుకుంది. "ఇల్లు ఎనక వీధిలోనే ఉండాది గదా! ఈడెందుకండీ?"

"ఇన్ని నీళ్ళు తాగేవాడు ఆడిదాకా ఆగుతాడా?"

వాకిలి మాత్రం అంగట్లోకి కాకుండా బజారు వైపు పెట్టించాడు. మేస్త్రీ పొరపాటనుకుని నేను తెగ నవ్వాను.

మరుగుదొడ్డి పూర్తయిన కొన్నాళ్ళకు, తిరుమలయ్య అంగడి ముందు పూలమ్మే ఓబులమ్మ కడప నుంచి స్కానింగ్ కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. ఆమెకూ అదే డాక్టరు రాయి పగలగొట్టాడు. ముక్కలు మాత్రం చాన్నాళ్ళు కదల్లేదు. నీళ్ళు తాగడం లేదని కోప్పడ్డాడట.

"తాగితే యాడికి పోవాలన్నా? పొద్దున్నుంచి చీకటిపడేదాకా ఈడనే గదా కూచునేది. ఆ మాటే తిరుమలన్నతో అంటి. మర్నాడు మేస్త్రీ వచ్చె. ఇప్పుడు నేనూ శానా తాగుతాండా. చూడు, ఒక్క ముక్క గూడా లేదంట!"

నేను వెళ్ళి తిరుమలయ్యను నిలదీశాను. "ఓబులమ్మ కోసమని చెప్పుంటే ఏం పోయేదప్పా?"

"అరవాకప్పా! ఆడమనిషి. నలుగురూ నవ్వితే మళ్ళా తాగడం మానేస్తాది. నన్ను చూసి నవ్వనీలే."

అంటూనే గబగబా లేచి మరుగుదొడ్డి వైపు నడిచాడు. అక్కడ కూరగాయలమ్మే ఆడవాళ్ళు వరసగా నిలబడి ఉన్నారు.

"అన్నా, నువ్వు ముందు పో" అంది ఒకామె.

"లేదమ్మా, నాకేం తొందరలేదు" అంటూ తిరుమలయ్య పంచె ఎగ్గట్టి, ఇంటి వైపు ఒకటే పరుగు.