ఎడమ కాలికి పని లేని కారు

పొద్దున నేను పనిచేసే కార్ల షోరూముకు బయలుదేరి పార్కింగ్‌లోకి దిగేసరికి మా వాచ్‌మన్ చీపురు పట్టుకుని ఊడవకుండా నిలబడి ఉన్నాడు. టీచరమ్మ పోయిన్రు, అన్నాడు. ముందు రోజు సాయంత్రం ఆయాసంగా ఉందంటే అంబులెన్సులో తీసుకెళ్లారు. తెల్లవారకముందే అంతా అయిపోయిందట. అతను మూలన నిలిపిన తెల్ల కారు వైపు చూసి మెల్లగా అడిగాడు.

"బ్యాటరీ నిండింది మేడం. వైరు తీద్దునా, ఉండనిద్దునా?"

చావు కబురూ ఈ ప్రశ్నా ఒకేసారి వచ్చాయి. ఏదో ఒకటి చెప్పి వెళ్లిపోవచ్చు. తేల్చుకోలేక, ఉండనీ, తర్వాత చూద్దాం అన్నాను. ఆ ప్రశ్న చిన్నది కాదని మీకు తెలియాలంటే ఆ కారు గురించి, అంతకుముందున్న కారు గురించి, రెండింటినీ నడిపిన మనిషి గురించి చెప్పాలి.

మా అపార్ట్‌మెంటు అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు వెనక సందులో ఉంది. ఆమెది రెండో అంతస్తు, మాది మూడు. నాంపల్లిలో ఆడపిల్లల స్కూల్లో సైన్సు చెప్పేవారు. నేను ఆ స్కూల్లో చదవకపోయినా ఆమెను టీచర్ అనే పిలిచాను. అమ్మ, కూరగాయలామె, ఇస్త్రీ అతను, అందరికీ ఆమె టీచరమ్మే. చిన్నతనంలో పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడింది. నడిచేటప్పుడు ఆ మోకాలి మీద చెయ్యి ఆనించి, ఒక్కో అడుగూ దానికి నచ్చజెప్పినట్టు వేసేవారు.

ఆ కాలే ఆమెను డ్రైవింగ్‌కు దూరం పెట్టింది. మామూలు కారుకు ఎడమ కాలితో క్లచ్ తొక్కాలి. క్లచ్ లేని పెట్రోలు కార్లు అప్పట్లో డబ్బున్నవాళ్ల ఇళ్లలోనే ఉండేవి. ఇంట్లో అన్నలు ఆటో మాట్లాడిస్తామనేవారు. ఎవరో ఒకరు ఎక్కించాలి, ఎవరో ఒకరు దింపాలి. నడి వయసు దాకా అలాగే గడిపారు. అప్పుడు బజార్లోకి రెండు తలుపుల చిన్న కరెంటు కారొకటి వచ్చింది. దానికి గేర్లు లేవు, క్లచ్ లేదు. ఒకటి తొక్కితే పోతుంది, ఇంకోటి తొక్కితే ఆగుతుంది. రెండూ కుడి కాలి పనే.

నేను రెండో తరగతిలో ఉండగా ఆ కారు మా సందులోకి వచ్చింది. పిల్లలం దానికి సబ్బుపెట్టె అని పేరు పెట్టాం. అలా అన్నామని ఆమెకు తెలిసింది. కోప్పడలేదు. మురికిగా ఉన్నది ఊరు గనక సబ్బుపెట్టె ఒకటి తిరగడం మంచిదే అన్నారు.

దాన్ని చార్జి చేయడం రోజూ ఒక వేడుక. పార్కింగ్‌లో ప్లగ్గు లేదు. అందుకని కూరగాయలు పైకి లాక్కునే తాడు బుట్టలో వైరు చివర పెట్టి బాల్కనీలోంచి దించేవారు. మేము కింద అందుకుని కారుకు తగిలించేవాళ్లం. పొద్దున్నే వైరు పైకి పోయేది, కాసేపటికి అదే బుట్ట తోటకూర కోసం కిందికి దిగేది. బ్యాటరీల్లో పోయడానికి డిస్టిల్డ్ వాటర్ సీసాలు ఆమె వంటింట్లో నూనె డబ్బాల పక్కనే ఉండేవి. వాటిని ముట్టుకుంటే మాత్రం చెవి మెలేయడం తప్పేది కాదు.

ఏటా నుమాయిష్ ఎగ్జిబిషన్ జరిగే రోజుల్లో నాంపల్లి దారి మీకు తెలుసు కదా. బండి కదలడమే గగనం. చుట్టూ ఆటోలు, బస్సులు బురబురమని పొగ వదులుతూ వణుకుతుంటే మధ్యలో ఆమె కారు చప్పుడు లేకుండా నిలబడేది. ఒకసారి పక్కనున్న ఆటో అతను తల బయట పెట్టి, బండి ఆగిపోయిందా అమ్మా, నూకాల్నా అని అడిగాడు.

"ఆగిపోలే నాయనా. నిలబడ్డప్పుడు ఇది తినదు," అన్నారామె. "నీది నిలబడి గూడ తింటుంది, చూస్కో."

ఆ మాట నేను తర్వాత షోరూములో ఎందరికి అమ్ముకున్నానో.

ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. టీచర్ నన్ను తోడు తీసుకెళ్లేవారు, సంచి మోయడానికి. ఒక ఆదివారం అట్టలూడిన పాత ఇంగ్లీషు పత్రిక ఒకటి దొరికింది. అందులో ఒక ప్రకటన. పెద్ద టోపీ పెట్టుకున్న దొరసాని నిటారుగా కూర్చుని కారు నడుపుతోంది. అది కరెంటు కారు. టీచర్ అక్కడే, చెప్పుల దుకాణం మెట్టు మీద కూలబడి, పాఠం మొదలుపెట్టారు. నూరేళ్ల కిందటే విదేశాల పట్నాల్లో ఇలాంటివి తిరిగేవట. పెట్రోలు కారును లేపాలంటే ముందు నిలబడి ఇనుప కడ్డీ గిరగిరా తిప్పాలి. అది వెనక్కి తంతే చెయ్యి విరిగేది. కరెంటు కారుకు ఆ బాధ లేదు. పొగ లేదు, మోత లేదు. అందుకే ఆడవాళ్లు దాన్ని ఇష్టపడ్డారు. ఇంజను, మోటారు రెండూ ఉన్న కార్లు కూడా ఆ కాలంలోనే చేసి చూశారట. ఇప్పుడు మనం కొత్తగా హైబ్రిడ్ అంటున్నది వాటి మనవడినే.

మరి ఏమైపోయాయి అని అడిగాను.

"ఏమైతయి బిడ్డా. పెట్రోలు సస్తాగ దొరికింది. దూరం పోయే రోడ్లు పడ్డయి. ఆఖరికి ఆ కడ్డీ తిప్పే పని గూడ తప్పించిన్రు. దేనితోటి? చిన్న కరెంటు మోటారు తోటి." పత్రిక మూసి సంచిలో పెట్టారు. "మనింట్ల నిప్పు తీస్కపోయి వాళ్ల పొయ్యి ముట్టిచ్చుకున్రు. మన పొయ్యిని అడిగేటోడు లేడు ఇగ."

ఆ దొరసాని బొమ్మ ఆమె ఫ్రిజ్ తలుపు మీద చాలా ఏళ్లు ఉంది.

ఇక వైరు గొడవ. ఒకటో అంతస్తులో వకీలు గారుంటారు. నాంపల్లి కోర్టుల్లో పేరున్న మనిషి. అప్పుడాయన మా అసోసియేషన్ అధ్యక్షులు. వానాకాలంలో ఒకరోజు పార్కింగ్‌లోనే మీటింగు పెట్టి, బాల్కనీ నుంచి వేలాడే వైరు ప్రమాదం, వెంటనే తీసేయాలి అన్నారు. అందరూ టీచర్ వైపు చూశారు. వైరు పోతే కారు పోయినట్టే. కారు పోతే ఆమె మళ్లీ ఎవరో ఒకరు ఎక్కించాల్సిన మనిషి. అక్కడున్న అందరికీ ఆ సంగతి తెలుసు. ఆమె జగడం పెట్టుకుంటారనుకున్నాం. ఆమె మాత్రం, వకీల్ సాబ్ చెప్పింది నిజమే, పిల్లలు తిరిగే చోటు, అన్నారు. దాని బదులు కింద ఒక ప్లగ్గు పెట్టుకోనివ్వమన్నారు.

"ఇయ్యాల నీకిస్తే రేపు అందరు అడుగుతరు టీచరమ్మా," అన్నారు వకీలు గారు.

"అందరు అడిగే రోజొస్తే నేనే మిఠాయి పంచుత."

నవ్వులైతే లేచాయి గానీ అనుమతి రాలేదు. అందరి జాగాలోంచి ఒక్కరి వైరు పోకూడదన్నది ఆయన వాదన. టీచర్ రెండు రోజులు బయటికే రాలేదు. మూడో రోజు పొద్దున వకీలు గారి తలుపు కొట్టారు. ఆమె పార్కింగ్ జాగా మెట్ల పక్కనే, బిల్డింగు మొత్తంలో మంచిది. ఆయనది ఆఖరి మూల, చెత్త డబ్బాలకూ మీటర్ల గదికీ మధ్య. మార్చుకుందామన్నారు. ఆయన సంతోషంగా సంతకం చేశారు. వారం తిరగకుండా మీటర్ల గది గోడకు ఇవతల, ఆమె కారు ముక్కు దగ్గర, ఆమె మీటరు నుంచే ఒక ప్లగ్గు వెలిసింది. వైరు ఎవరి జాగాలోకీ పోలేదు, గోడ దాటింది అంతే. వకీలు గారు వచ్చి చూసి, నా వాదన తోటే నా మీద కేసు గెలిచినవు గదమ్మా అని గట్టిగా నవ్వారు.

ఆ గెలుపు కోసం ఆమె ఇచ్చుకున్నదేమిటో నాకు చాలా ఏళ్ల తర్వాత తట్టింది. మెట్ల పక్క జాగా వదిలేసి, ఆ కాలితో రోజూ పార్కింగ్ ఈ కొస నుంచి ఆ కొసకు చెత్త వాసనలో నడిచారు. ఒక్కనాడూ దాన్ని త్యాగంలా చెప్పుకోలేదు. మాట్లాడితే చెత్త బండి వాళ్ల టైమింగు మీద విసుక్కునేవారు.

ఆమె గొప్ప డ్రైవరేం కాదు. రివర్సు ఎప్పటికీ సరిగా రాలేదు. రోజూ వాచ్‌మన్ వెనక నిలబడి డిక్కీ మీద అరచేత్తో కొడుతూ, రానియ్ టీచరమ్మా, రానియ్ అంటుంటే మెడ తిప్పకుండా ఆ చప్పుడునే నమ్ముకుని వెనక్కి వచ్చేవారు. హారను మాత్రం ధారాళంగా కొట్టేవారు. చప్పుడు లేని బండికి నోరన్నా ఉండాలె గద అనేవారు. కాలేజీ రోజుల్లో నాకు డ్రైవింగ్ నేర్పింది ఆమే. నా ఎడమ పాదం ఊరికే దేనికోసమో వెతుకుతుంటే తొడ మీద ఒక్కటి వేసేవారు. "మడిచి పక్కకు పెట్టు దాన్ని. దానికి సెలవు."

సబ్బుపెట్టె ముసలిదైంది. బ్యాటరీలు మార్చాల్సి వచ్చేసరికి విడిభాగాలు దొరకడం మానేశాయి. చివరికి పాత సామాన్ల అతను వచ్చి తాడు కట్టి లాక్కుపోయాడు. తర్వాత కొన్నేళ్లు ఆమె మళ్లీ ఆటోల్లో తిరిగారు. ఆ ఏళ్లలో ఆమె గొంతు కూడా చిన్నబోయినట్టుండేది. మూల జాగా మాత్రం వదల్లేదు. ఖాళీగా ఉంది కదా అని ఎవరైనా స్కూటరు పెడితే, అది రాబోయే కారు జాగా అని తీయించేవారు.

ఈలోగా నేను డిగ్రీ అయ్యి, ఒక ఉద్యోగంలోంచి ఇంకోదాంట్లోకి దూకుతూ చివరికి కరెంటు కార్ల షోరూములో తేలాను. ఇప్పుడు రోడ్డు మీద కరెంటు బండ్ల ఆకుపచ్చ నంబరు ప్లేట్లు ఎక్కడ చూసినా కనిపిస్తున్నాయి. స్కూటర్లు, ఆటోలు ముందు మారాయి, కార్లు వెనక వస్తున్నాయి. కొనడానికి వచ్చేవాళ్ల భయాలు రెండే, దారిలో ఆగిపోతుందేమో, తర్వాత అమ్మితే ధర రాదేమో. సొంతంగా ప్లగ్గు పెట్టుకునే జాగా లేనివాళ్లు మోజు పడి చూసి వెనక్కి పోతారు. టీచర్ కూడా వచ్చారు. నేను స్క్రీను, ఫోన్‌లో యాపు అంటూ గడగడా చెబుతుంటే ఆపి రెండే అడిగారు. ఎడమ కాలికి పనుందా? మన మూలకు పడుతుందా? నేను అమ్మిన మొదటి కారు ఆ తెల్లదే.

తర్వాత వకీలు గారికీ మనసు పుట్టింది. హైబ్రిడ్ తీసుకోవాలా, పూర్తి కరెంటుదా అని తేల్చుకోలేక, అసలు ఇది ఎంత దూరం పోతది టీచరమ్మా అని ఆమెనే అడిగారు.

"అందరు కారు ఎంత దూరం పోతదనే అడుగుతరు. రోజు నువ్వెంత దూరం పోతవ్ వకీల్ సాబ్?" అన్నారామె. "ఊళ్లు పట్టుకొని తిరిగేటోళ్లకు హైబ్రిడ్ మంచిదే. నీ కోర్టు నాంపల్లి దాటదు గద."

ఆయన కరెంటు కారు ఇంటికి వచ్చిన రోజు ఆమె అంతస్తంతస్తుకూ జిలేబీ పంపారు. మొదట చాలామందికి ఎందుకో అర్థం కాలేదు. వకీలు గారికి అర్థమైంది. అప్పటి నుంచి ఆయన కారు కూడా ఆ చెత్త మూల దగ్గరే క్యూలో నిలబడుతోంది. స్కూటర్లూ చేరాయి. అసోసియేషనే ఆ ప్లగ్గును తన సొంత మీటరుకు మార్పించింది. టీచర్ పెట్టిన నియమం ఒక్కటే, నిండినంక తియ్యాలె, ఆగినోళ్లకు ఇయ్యాలె.

నేను ఉద్యోగం మళ్లీ మారతానంటే ఆమె వద్దనలేదు. "మారు, ఫికర్ లేదు. గానీ నిండక ముందే వైరు గుంజకు," అన్నారంతే. కరెంటు కారంటే ప్రాణమే అయినా దాన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగలేదు. బొగ్గు కాలితేనే గదా మనకు కరెంటు, నా పొగ నాంపల్లిల పడకుంటె ఇంకేడనో పడుతుంది అని నాకే హెచ్చరిక చేసేవారు. నన్ను బాగు చేయాలని ఆమె ఎప్పుడూ కూర్చోబెట్టి చెప్పింది లేదు. పక్క సీటులో కూర్చోబెట్టుకున్నారు. నాకది చాలింది.

ఆమె పోయాక రెండు రోజులు ఆ ప్లగ్గును ఎవరూ ముట్టుకోలేదు. వకీలు గారు కోర్టుకు ఆటోలో వెళ్లారు. స్కూటర్ల పిల్లలు ఎక్కడెక్కడో చార్జింగు పెట్టుకొచ్చారు. ఆమె కారు ముక్కు దగ్గర ఆకుపచ్చ దీపం నిండిందని చెబుతూ వెలుగుతూనే ఉంది. మూడో రోజు సాయంత్రం వకీలు గారు ఆ మూలన చేతులు కట్టుకుని నిలబడి కనిపించారు.

"నాకు చెయ్యి వస్తలేదమ్మా. నువ్వు తియ్యి," అన్నారు.

తీశాను. చిన్న చప్పుడై దీపం ఆరింది. వైరును ఆమె చుట్టినట్టే అరచేతికీ మోచేతికీ మధ్య చుట్టి కొక్కేనికి తగిలించాను. వకీలు గారి కారు పట్టాలంటే ఆమె కారును మూలలోంచి వెనక్కి తీయాలి. తాళం చెవి టీచర్ అన్నగారి కోడలు ఇచ్చింది. సీటు మీద పల్చటి దిండు, ఆమె ఎత్తుకు వంచిన అద్దం అలాగే ఉన్నాయి. అద్దం సరిచేయబుద్ధి కాలేదు.

వెనక వాచ్‌మన్ వచ్చి నిలబడ్డాడు. కారు మోత లేదు గనక అతని అరచేతి చప్పుడే పార్కింగంతా వినిపించింది. "రానియ్ టీచరమ్మా, రానియ్," అన్నాడు. అలవాటు. అన్న మాట అతను దిద్దుకోలేదు, నేనూ బ్రేకు తొక్కలేదు. ఎడమ కాలు మడిచి పక్కకు పెట్టుకుని, మెడ తిప్పకుండా, ఆ చప్పుడు వెంటే వెనక్కి వచ్చాను.