హంగరీ జాబితా, ఇలోనా షీటు

ఇలోనాను ఉద్యోగంలోంచి తీసేస్తున్నారన్న వార్త నాకు మొదట చెప్పింది మా ప్రోగ్రామర్ శ్రీలత. అది 2009 అక్టోబరు. నేను నార్త్ కరోలినాలో ఒక యూనివర్సిటీ పరిశోధన ప్రాజెక్టులో కోడర్‌ని. మోరిస్‌విల్‌లో మా ఇంటి నుంచి ఆఫీస్‌కి పావుగంట డ్రైవ్. ఆ జూన్‌లో యూరోపియన్ పార్లమెంటుకు ఎన్నికలు జరిగాయి. పోటీ చేసిన ప్రతి అభ్యర్థి కాగితాలూ చదివి, ఆ మనిషి ఏ పార్టీ వ్యక్తో ఒక అంకెతో నమోదు చేయడం మా పని. దాన్నే కోడింగ్ అనేవాళ్లం.

హంగరీ నాకూ ఇలోనాకూ పడింది. ఇలోనా అక్కడే పుట్టి, పదిహేడేళ్లప్పుడు అమెరికా వచ్చిన మనిషి. 2009 నాటికి డెబ్బై ఏళ్లు. ఆవిడ మూల కాగితాలు చదివేవారు, నేను వాటి ఇంగ్లీషు అనువాదాలు. ఇద్దరం విడివిడిగా షీట్లు నింపాలి. రెండూ పోల్చి డైరెక్టర్ తేల్చేదాకా వాటి గురించి ఒకరితో ఒకరం మాట్లాడకూడదు. అది నియమం.

హంగరీలో ఈ ఎన్నికకు దేశమంతా ఒకే నియోజకవర్గం. ఓటు మనిషికి కాదు, పార్టీ ఇచ్చిన పేర్ల జాబితాకు. ఆ ఏడాది ఒక పెద్ద పార్టీ, ఒక చిన్న పార్టీ కలిసి ఒకే జాబితా ఇచ్చాయి. చిక్కంతా అక్కడే వచ్చింది.

"మీ ఇద్దరి షీట్లూ అస్సలు మ్యాచ్ అవట్లేదు ఆంటీ," అంది శ్రీలత. "మీది నిండుగా ఉంది. ఆవిడేమో పదకొండు పేర్లకి తొమ్మిది వేసి వదిలేశారు. వయసైపోయింది, చదవలేకపోతున్నారని డయాన్ అనుకుంటున్నారు. శుక్రవారంతో కాంట్రాక్ట్ ఆపేస్తారట."

డయాన్ మా డైరెక్టర్. తొమ్మిది అంటే మా నియమాల పుస్తకం కోడ్‌బుక్‌లో 'తెలియదు' అని.

దేవుడు క్షమించాలి, ముందు నాకు లోలోపల కాస్త గర్వంగానే అనిపించింది. నేను బడి మెట్లెక్కినదాన్ని కాను. నాన్నగారే ఇంట్లో చదివించి, ప్రైవేటుగా పరీక్షలకు కట్టించారు. ఒక్క ప్రశ్న ఖాళీగా వదిలినా ఆయన ఊరుకునేవారు కాదు.

"ఇంతకీ ఆ పదకొండు మందీ చిన్న పార్టీవాళ్లని మీకెలా తెలిసింది?" అంది శ్రీలత.

"పొత్తు కదమ్మా. పైవన్నీ పెద్ద పార్టీకి, కిందివి చిన్న పార్టీకి. సీట్లు పంచుకునే ఉంటారుగా."

"ఎక్కడ పంచుకున్నారు ఆంటీ, విజయవాడలోనా?" అని పకపకా నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. దణ్ణం పెట్టుకుని ఆ పదకొండు మంది కాగితాలూ మళ్లీ తెరిచాను. ఒక్కదాంట్లోనూ పార్టీ పేరు లేదు. మన పొత్తుల లెక్క తెచ్చి హంగరీకి అంటగట్టాను.

గురువారం పొద్దున్నే డయాన్ గదికి వెళ్లి, తప్పు నాదని చెప్పాను.

"మీరు ఎప్పుడూ ఏదీ ఖాళీగా వదలరు. మీ షీట్లు నమ్మేది అందుకే," అన్నారావిడ.

"ఈసారి అదే తప్పయింది," అన్నాను.

ఇలోనాను పిలిపించారు. తొమ్మిది ఎందుకు వేశారని డయాన్ అడిగారు.

"కాగితంలో లేదు," అన్నారు ఇలోనా. "వీళ్లలో ఏడుగురు ఎవరివాళ్లో నాకు తెలుసు. రోజూ అక్కడి పేపర్లు చదువుతాను. కానీ కోడ్‌బుక్‌లో కాగితం చూసి రాయమన్నారు, నన్ను అడిగి రాయమనలేదు."

"ఆ మాట ముందే ఈవిడతోనైనా చెప్పాల్సింది కదా?"

"తేల్చేదాకా మాట్లాడకూడదన్నది మీరే!"

ఉద్యోగం పోతోందని ఆవిడకు సోమవారమే తెలుసట. అయినా నా బల్ల దాకా వచ్చి ఒక్క మాట అడగలేదు. డయాన్ అక్కడికక్కడే కాంట్రాక్ట్ పొడిగించారు. నేను అంతకుముందు చేసిన రెండు దేశాల షీట్లను మళ్లీ తనిఖీకి పంపారు. అది న్యాయమే.

బయటికొచ్చాక ఇలోనాకు నా పంపకం సంగతి చెప్పాను. "మీ దేశంలో అంత పద్ధతిగా పంచుకుంటారా?" అన్నారు. "అదృష్టవంతులు. మావాళ్లకు గీత గీసి ఇచ్చినా ఆ గీత మీదే పోట్లాడుకుంటారు!"

కాగితం చెప్పని చోట 'తెలియదు' అని రాయడం కోడర్ బాధ్యత. ఎంత తెలిసినవాళ్లకైతే అది అంత కష్టం. రిటైరయ్యేదాకా నేను అలాగే పనిచేశాను. ఆ పద్ధతి నేర్పిన మనిషి పక్కన నన్ను కూర్చోబెట్టినందుకు భగవంతుడికి రుణపడి ఉన్నాను.

ఇలోనా ఇప్పుడు లేరు. పిల్లాజెల్లా లేని మనిషి. మీరు దీపం పెట్టుకునే వేళ ఆవిడ పేరు ఒక్కసారి తలచుకోండి.