తోక వెంట్రుకతో కట్టిన గడ్డ

మోతీకి ఏదో తేడా చేసిందని నాకు తెలిసింది ఒక పెండ్లి రోజున. డోన్‌లో పెండ్లికొడుకులను ఊరేగించే తెల్ల గుర్రం మాది. ఆ రోజు జీను వేసి కడుపు కింద పట్టీ బిగిస్తుంటే తల తిప్పి నా భుజం కొరకబోయింది. పదేళ్ళలో అది నా మీద పళ్ళు చూపింది లేదు. పట్టీ విప్పి చూస్తే ముందుకాళ్ళ వెనకగా శనగగింజంత పులిపిరి. చుట్టూ వెంట్రుకలు రాలి చర్మం గరుకుగా ఉంది.

మా వైపు మనుషులకు పులిపిరి లేస్తే గుర్రం తోక వెంట్రుకతో బిగించి కడతారు. ఎండి రాలుతుందని నమ్మకం. ఆ వెంట్రుకల కోసం పక్క ఊళ్ళ నుంచి కూడా మా ఇంటికి వస్తారు. నేను వట్టి వెంట్రుక ఇచ్చే మనిషిని కాను. మోతీ నవాబుల లాయంలో పుట్టిన గుర్రానికి మునిమనవరాలని, దీని వెంట్రుక కట్టుకున్న ఒక ఆఫీసరు మెడమీది కాయ ఆయన కాఫీ తాగేలోపే కప్పులో పడిందని కూడా చెప్పి ఇస్తాను. చెప్పీ చెప్పీ చివరికి నేనే నమ్మినట్టున్నాను. మోతీ తోక వెంట్రుకలు మూడు పేని దాని పులిపిరికే కట్టాను.

వారానికి కాయ రాలింది. నా భార్య హుసేన్‌బీ ముందు మీసం తిప్పాను. ఇరవై రోజులకు అదే చోట నిమ్మకాయంత ఎర్రటి కండ పొంగింది. తర్వాత అది చీలి చీమూ నెత్తురూ కారసాగింది. తడి గోనెలో చచ్చిన ఎలుకను చుట్టిపెట్టినట్టు కంపు. ఈగలు నల్లగా ముసిరేవి. నాకు అన్నం సయించేది కాదు. మేత వేసి ముఖం పక్కకు తిప్పుకునేవాణ్ణి. అది మాత్రం నా వైపే చూసేది.

"ఇది గుర్రం కంపు కాదు, నీ వైద్యం కంపు. కర్నూలుకు తోలుకపో" అంది హుసేన్‌బీ.

మినీ లారీలో ఎక్కించి కర్నూలు పశువుల ఆసుపత్రికి తీసుకుపోయాను. ఇది ఎట్లా మొదలైందని డాక్టరమ్మ అడిగింది. వెంట్రుక సంగతి చెప్పడానికి సిగ్గేసి, ఓర్వకల్లు రాళ్ళ దగ్గర చిరుతపులి తరిమితే ముళ్ళకంచె దూకి గీసుకుందని చెప్పాను. ఆమె పులిని వదిలేసి కంచెను మాత్రం చీటీలో రాసుకుంది. గాయం మానేటప్పుడు కండ అతిగా పెరిగిందని, దాన్ని ప్రౌడ్ ఫ్లెష్ అంటారని చెప్పి, చర్మం మట్టానికి కోసి కట్టు కట్టింది.

మూడు వారాలకు అది కొబ్బరికాయంత అయింది. పక్కన ఇంకో రెండు లేచాయి. ఆసుపత్రిలో కట్టు విప్పితే పురుగులు జలజలా రాలాయి. నేను గోడవైపు తిరిగి కక్కుకున్నాను. డాక్టరమ్మ కదలలేదు. ముక్క తీసి బయాప్సీకి పంపింది.

రిపోర్టు వచ్చాక పిలిపించింది. "ఇది సార్కాయిడ్. చర్మంలో పుట్టే ట్యూమర్. లోపలి అవయవాలకు పోదు గానీ ఉన్నచోటే లోతుకు దిగుతాది. గెలికితే రెచ్చిపోతాది. మొత్తం కండలోకి దిగిందంటే నేను కోయలేను, సూదేసి ప్రాణం తీసేయడమే. ఇప్పుడన్నా నిజం చెప్పప్పా, మొదట దీనికి నువ్వేం చేసినావు?"

చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. ఆమె నవ్వలేదు.

"కంచె అని చెప్పకపోయింటే మొదటి రోజే బయాప్సీ చేసేదాన్ని. నీ కథకు మూడు వారాలు పోయినాయి, హుసేనప్పా."

అంత కంపు భరించిన నాకు ఆ రోజు నా నోరంటేనే రోత పుట్టింది.

మత్తిచ్చి, చుట్టూ మంచి చర్మం కూడా కలిపి వెడల్పుగా కోశారు. అంచులను లిక్విడ్ నైట్రోజన్‌తో గడ్డకట్టించారు. తర్వాత సిస్‌ప్లాటిన్ అనే క్యాన్సర్ మందు ఇంజెక్షన్లు. గ్లౌజులు లేకుండా ఆ పుండును ఎవరూ ముట్టుకోవద్దన్నారు. రోజూ నేనే కడిగాను. మొదటి వారమంతా కడిగిన ప్రతిసారీ డోకొచ్చేది. రెండు నెలలకు ఒక అంచున మళ్ళీ మొలిచింది. మళ్ళీ గడ్డకట్టించారు, మళ్ళీ ఇంజెక్షన్లు వేశారు.

ఇప్పటికి ఏడాదిన్నర. అరచేతి వెడల్పున వెంట్రుక మొలవని నల్లటి మచ్చ మిగిలింది. అక్కడ పట్టీ ఒరుసుకోకూడదు కాబట్టి మోతీ మీద పెండ్లికొడుకులు ఎక్కరు. మేస్తుంది, సకిలిస్తుంది, బతికుంది.

గుర్రాలు ఉన్నవాళ్ళకు నేను చెప్పేది ఒకటే. ఒంటిమీద ఏ చిన్న కాయ కనిపించినా కట్టకండి, కాల్చకండి, సున్నం పూయకండి. ఫోటో తీసి ఆ రోజే డాక్టరుకు చూపండి. ముందే ఏదైనా చేసి ఉంటే ఉన్నదున్నట్టు ఒప్పుకోండి.

పోయిన నెల ఆ మచ్చ పక్కన పెసరగింజంత గడ్డ నా వేలికి తగిలింది. మధ్యాహ్నానికల్లా కర్నూలులో ఉన్నాం.

"దీనికేం చేసినావు?" అంది డాక్టరమ్మ.

"ఏమీ చేయలేదమ్మా. చూసినా, తోలుకొచ్చినా."

నా ముఖంలోకి కాసేపు చూసి, గ్లౌజులు తొడుక్కుంది.