పులిసిన గంజి కోసం వచ్చిన అక్క

రామన్నపేట నుంచి నూలు మోసుకొచ్చిన మనిషి మొన్న మా గడపలో కూర్చుని నీళ్ళు తాగుతూ చెప్పాడు, అక్క పోయిందని. మూడు రోజులు జ్వరం వచ్చిందట. దవాఖానకు పోదామంటే వద్దన్నదట. నేను మగ్గం గుంటలోంచి లేచి బయటికి వచ్చాను. ఆ పూట ఇక నేత సాగలేదు.

ఆమె నాకు చుట్టం కాదు. మా నేతవాళ్ళ వాడకట్టు దాటాక చివరి గుడిసెలో పందులు పెంచుకుని బతికిన మనిషి. ముసలితనంలో రామన్నపేట దగ్గరి తన బిడ్డ ఊరికి వెళ్ళిపోయింది. మొదట్లో మాకూ ఆమెకూ పడేది కాదు. వీధిలో పడుగు చాపి గంజి పెడుతుంటే ఆమె పందులు వచ్చి దారాలు తొక్కేవి. మా అమ్మ కర్ర పట్టుకుని వెంటపడేది. ఆమె వచ్చి వాటిని తోలుకుపోయేది.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఒక ఏడు ఆమె పందుల రెండు ఈతల పిల్లలు వరసగా పోయాయి. తల్లి పాలు తాగినన్నాళ్ళు బాగానే ఉండేవి. పాలు మాన్పించగానే పారుడు పట్టుకుని నీళ్ళలా విరేచనాలయ్యేవి. నాలుగు రోజుల్లో తోకలు వాల్చి పడిపోయేవి. కొందరు దిష్టి అన్నారు. ఆమె భర్త పందులన్నీ అమ్మేసి కూలికి పోదామన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. చచ్చిన పిల్లలను పాతిపెట్టి వచ్చి మా ఇంటి ముందు నిలబడింది.

"తమ్మీ, పడుగుకు పెట్టంగ మిగిలిన గంజి పారబోస్తరు గద. నాకు పోస్తవా?"

"ఎందుకక్కా?"

"మీ ఇంటెనుక తిరిగే ముసలి పంది గా గంజే తాగుతది. దాని పిల్లలు ఒక్కటి గూడ పారలే. మిగిలిన పందులు పెంట తిని పాలిస్తున్నయి. పిల్లల తప్పేం లేదు. తల్లి కడుపుల ఏం పడ్డదో గదే పిల్లకొస్తది."

మా అమ్మ వినీ విననట్టు లోపలికి వెళ్ళింది. మరునాడు గంజి కుండను వాకిట్లో తనే పెట్టింది.

అప్పుడే ఈనిన ఒక పందికి అక్క పులిసిన గంజిలో తవుడు కలిపి పెట్టింది. అయినా పాలు మాన్పించాక సగం పిల్లలు పోయాయి. భర్త ఆ కుండ ఎత్తి గోడకు కొట్టాడు.

"మనకే తాగ గటుక లేదు. పందికి తవుడు పెడ్తవా?"

ఆమె పెంకులు ఏరుతూ, "ఈనినంక పెట్టిన. ఆల్శమైంది. ఈసారి కడుపుతోని ఉన్నప్పటి సంది పెడత" అన్నది. గొంతులో ఏడుపు లేదు. అక్కడే నిలబడి ఉన్న నేనూ వంగి పెంకులు ఏరాను.

తరువాత నూలుకు కరువొచ్చింది. మగ్గాలు ఆగిపోయాయి. గంజి కాచే పనే లేదు. అక్క జొన్నలు దంచే ఇళ్ళకు వెళ్ళి తనూ దంచి, కూలికి బదులు తవుడూ నూకలూ అడిగి తెచ్చేది. వాటిని ఉడికించి, పులియబెట్టి, చూడి పందికి పోసేది. అది పెంటకుప్ప వైపు పోకుండా చుట్టూ కంపతో దడి కట్టింది. పంది విరిచేది, ఆమె మళ్ళీ కట్టేది. ముళ్ళు గీరుకుని చేతులు ఎప్పుడూ పచ్చిగానే ఉండేవి.

"జర ఆరాం చెయ్యి అక్కా" అన్నాను ఒకసారి.

"పిల్లలు నిలబడ్డంక చేస్త."

నూలు లేని ఆ రోజుల్లో నేను మగ్గం పీకేసి షోలాపూర్ మిల్లుకు పోదామనుకున్నాను. ఆమె నాలుగోసారో అయిదోసారో ఆ దడి కడుతుంటే చూసి ఆగిపోయాను. ఈ మాట ఆమెకు ఎన్నడూ చెప్పలేదు. చెప్పి ఉండవలసింది.

ఆ పంది తొమ్మిది పిల్లలను ఈనింది. పాలు మాన్పించడానికి ముందు నుంచే తల్లి తాగే గంజిని పిల్లల మూతులకు రాసి అలవాటు చేసింది అక్క. వేరు చేసిన మూడోనాడు రెండు పిల్లలకు పారుడు పట్టింది. ఆమె దడి పక్కనే చాప వేసుకుంది. ఒకటి పోయింది, ఒకటి తేరుకుంది. ఎనిమిది పిల్లలు నిలిచాయి.

వాటిని మోత్కూర్ అంగడికి తోలుకుపోయే రోజు ఆమె భర్త కొత్త కుండ తెచ్చి మా అమ్మ ముందు పెట్టాడు. "మళ్ల నూలొస్తే గంజి గిండ్ల పొయ్యుండ్రి" అని, తల ఎత్తకుండానే వెళ్ళిపోయాడు.

పోయిన వానాకాలం ఆమెను చూడటానికి బిడ్డ ఊరికి వెళ్ళాను. బాగా చిక్కిపోయింది. మేం మాట్లాడుకుంటుండగా పక్క ఊరి నుంచి ఒక పడుచు కోడలు వచ్చి, తమ పంది పిల్లలు పారి చస్తున్నాయని చెప్పింది. అక్క మందేమీ చెప్పలేదు.

"ఇంట్ల చూడి పంది ఉన్నదా?" అని అడిగింది.

"ఉన్నదవ్వా."

"అయితే నడువు. ఏం పెట్టాల్నో సూపిస్త."

నేను వద్దంటున్నా కర్ర పట్టుకుని లేచింది. ఊరి బయట జొన్నచేల సాళ్ళలో గంగవాయిలి కూర ఒత్తుగా పరుచుకుని ఉంది. "గిది గూడ గంజిల ఏసి ఉడకబెట్టి పొయ్యి" అంటూ అక్క వంగి లేత కొనలు తెంపి చూపిస్తోంది. ఆ కోడలు తన కొంగు చాపి పట్టింది. కాసేపటికి ఇద్దరూ జొన్నల లోపలికి వెళ్ళిపోయారు. తలలు కనబడటం లేదు. ఆకు తెంపుతున్న చప్పుడు మాత్రం సాలు వెంట ముందుకు సాగుతూ ఉంది.