పది అలలకు నూట నలభై సెకండ్లు

భీమునిపట్నంలో దిగేసరికి మధ్యాహ్నం రెండు. యుద్ధం నడుస్తున్న రోజులు. ఎండ, ఉప్పుగాలి, పాదాలు దిగబడే ఇసుక. వీపున కిట్ సంచి, రెండు దుప్పట్లు. కాజీపేట రైల్వే క్వార్టర్లలో పుట్టినవాణ్ణి, అప్పటిదాకా సముద్రం చూడలేదు. తుపాకీ ఇస్తారనుకున్నాను. ఒక గడియారం, ఒక దుర్భిణి, ఒక రిజిస్టరు ఇచ్చారు. ఒళ్లు మండింది.

పోస్టు అంటే ఇసుక బస్తాల గోడ, తాటాకు కప్పు, లోపల ఒక ఫోను. ఉన్నది ఇద్దరమే, నేనూ హవల్దారూ. ఆయనది డోర్నకల్. చదివింది నాలుగో తరగతి. సముద్రం సంగతి మాత్రం అక్కడి జాలర్ల దగ్గర కూర్చుని ఓపిగ్గా నేర్చుకున్నాడు. అంత శ్రద్ధ ఉన్న మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఒడ్డుకు దగ్గర నీళ్లలో ఒక వెదురు కట్టె పాతి ఉండేది. దానికి అడుగడుక్కీ తారు గీత. పొద్దున ఆరింటికి, సాయంత్రం ఐదింటికి మా డ్యూటీ. గాలి ఏ దిక్కు, మబ్బు ఎంత, అల ఏ గీత దాకా వస్తోంది, పది అలలు రావడానికి ఎన్ని సెకండ్లు. అవన్నీ రాసి, ఫోనులో పక్కనే ఉన్న క్యాంపుకు చదవాలి. అక్కడ సిపాయిలు పడవల్లోంచి ఒడ్డుకు దూకడం నేర్చుకునేవారు. మా అంకెలు చూశాకే వాళ్ల పడవలు నీళ్లలో దిగేవి.

అక్టోబరులో ఒక పొద్దున. హవల్దారుకు జ్వరం. లెక్క నేనొక్కణ్ణే రాశాను. ఆకు కదలడం లేదు. అల రెండో గీత దాటడం లేదు. పది అలలకు రోజూ ఎనభై సెకండ్లు పట్టేది, ఆరోజు నూట నలభై. అలలు తగ్గాయి, ఇంకేం కావాలి అనుకున్నాను. మా వైపు చెరువులో గాలి లేకపోతే అల ఉండదు. నాకు తెలిసిన నీళ్లు అవే. జాలర్ల పడవ ఒక్కటీ బయల్దేరలేదు. అదీ చూశాను, పట్టించుకోలేదు. సముద్రం శాంతం అని ఫోనులో చెప్పేశాను.

ఎనిమిదింటికి హవల్దారు దుప్పటి కప్పుకునే వచ్చి రిజిస్టరు చూశాడు.

"నూట నలభయ్యా? మంచిగ లెక్కవెట్టినవా తమ్మీ?"

"రెండుసార్లు లెక్కవెట్టిన సాబ్."

"యాడనో దూరంగ పెద్ద తుఫాను లేసింది. దాని అలలు గిట్లనే ఆగి ఆగి వస్తయి. ఇవి ముందుగాల వచ్చినయి. ఎనుక వచ్చేటియి వేరే ఉంటయి."

తొమ్మిదింటికి ముప్పై మంది పడవలెక్కాలి. ఆపమని ఫోను చేశాడు. ఒక్క పొద్దున రెండు మాటలేమిటని క్యాంపు కెప్టెను విరుచుకుపడ్డాడు. మొదటిది రాసిందెవరని అడిగాడు. హవల్దారు నా వైపు చూడనైనా లేదు, పోస్టు తనది కాబట్టి తప్పూ తనదేనన్నాడు. పన్నెండు దాకా ఆపుతాను, సముద్రం లేవకపోతే నీ చేతి మీది మూడు పట్టీలూ ఊడతాయి అన్నాడు కెప్టెను. ఆ పట్టీల కోసం ఆయన పద్దెనిమిదేళ్లు చాకిరీ చేశాడు.

తొమ్మిదైంది. పదైంది. సముద్రం కదల్లేదు. పడవల పక్కన కూర్చున్న సిపాయిలు హవల్దారును చూసి ఈలలు వేసి నవ్వారు. సిగ్గుతో చచ్చిపోయాను.

"సాబ్, రాసింది నేనని చెప్పొస్త."

"చెప్తే ఏమైతది? జర సముద్రం దిక్కు చూడు. నీ పని అది."

పదకొండూ ఇరవైకి దూరంగా నీలిగీత లావెక్కింది. అది దగ్గరికి వస్తూ లేచింది, ఇంకా లేచింది. విరిగినప్పుడు పోస్టు కప్పు అదిరింది. సిపాయిలు నోరు మూసుకుని పడవల్ని పైకి లాగారు. నురుగు వెనక్కి తగ్గాక చూస్తే వెదురు లేదు.

"రాయి తమ్మీ. పదకొండు ఇరవై. కట్టె లేదు."

ఆయన గొంతులో గెలిచానన్న పొగరు రవ్వంత కూడా లేదు.

యుద్ధం ముగిశాక కాజీపేటలో రైలు దిగాను. ఎవరినైనా చంపావా బిడ్డా అని అమ్మ భయంభయంగా అడిగింది. లేదన్నాను. అలలు లెక్కపెట్టానంటే వాడకట్టంతా నవ్వింది. నవ్వుకోనీ.

కళ్లు మూసుకుంటే నాకు ఆ పొద్దున పదిన్నర వేళ కనిపిస్తుంది. ముందు నున్నటి సముద్రం. వెనక ముప్పై మంది నవ్వులు. జ్వరానికి వణుకుతూ మధ్యలో నిలబడ్డ మనిషి, ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.